గోదావరి గట్టున తెలిసిన మాట

నాసిక్‌లో గోదావరి ఒడ్డున రెండు ముఖాల ఆంజనేయుడి విగ్రహం ఉంది. దుతోండ్యా మారుతి అంటారు. వానాకాలంలో ఆ ఊరివాళ్లు వరదను ఆ విగ్రహంతోనే కొలుచుకుంటారు. నీళ్లు స్వామి మోకాళ్లు దాటాయి, నడుం దాకా వచ్చాయి, మెడ అందుకున్నాయి అని చెప్పుకుంటారు. ఏ మట్టానికి ఏ దుకాణం మునుగుతుందో వాళ్లకు లెక్క తెలుసు. రామకుండంలో మునుగుదామని బస్సు దిగిన యాత్రికుడు అదే విగ్రహానికి దండం పెట్టుకుని నీళ్లలోకి దిగుతాడు. ఒకే బొమ్మ ఒకరికి దేవుడు, మరొకరికి దేవుడూ కొలబద్దా కూడా. త్ర్యంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే ఈ నది వెంట వస్తే, కొత్త చోట మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఈ తేడాయేనని నాకు తోస్తుంది. గట్టు మీదివాళ్లకు తెలిసిన సంగతి గట్టు దిగేవాడికి చేరడం లేదు.

చేరకపోవడానికి ఒక కారణం, మనం చూసే నది అక్కడిది కాకపోవడం. నాసిక్‌లో నీటి మట్టం చాలావరకు ఎగువనున్న గంగాపూర్ ఆనకట్ట వదిలే నీటిని బట్టి ఉంటుంది. ఈ సంగతి మనవాళ్లకు ఘోరంగా తెలిసివచ్చింది గోదావరిలో కాదు, హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో. 2014 జూన్ 8 సాయంత్రం మండి జిల్లా థలౌట్ దగ్గర హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలోని రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతుండగా పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు నీళ్లు పలచగానే ఉన్నాయి. ఎంత జాగ్రత్తగా చూసినా ఆ పిల్లలకు డ్యామ్ గేట్లు కనిపించే వీలు లేదు. నదిలో నీళ్లు తక్కువగా ఉన్నా నమ్మడానికి లేదు. 2025 జూన్‌లో బాసర దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన హైదరాబాద్ యువకులు అయిదుగురు మునిగిపోయారు. నీళ్లు తగ్గిన నదిని చూస్తే ఎవరికీ భయం వేయదు. కానీ ఇసుక తవ్విన చోట మోకాటి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది. ఏ రేవులో అడుగు ఎక్కడ జారుతుందో ఆ ఊళ్లో బట్టలుతికేవాళ్లకు, వలలు వేసేవాళ్లకు తెలుసు.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిశాక గోదావరి తీరే మారిపోతుంది. ఆ దిగువన, తెలిసిన సంగతిని పదిమందికీ ఎలా చేర్చాలో భద్రాచలం చూపిస్తుంది. అక్కడ నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిందని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. భద్రాచలం మట్టం వినగానే ధవళేశ్వరం దిగువన లంకల్లో పశువులను విప్పి గట్టెక్కిస్తారు. ఏటా మునిగే ఆ నేలలో మనుషులు నిలబడగలుగుతున్నారంటే, పైనుంచి కిందికి నీళ్లకన్నా ముందు కబురు చేరుతున్నందుకే. యాత్రకు బయలుదేరేవాడు ఈ అంకె ఒక్కటి అడిగి కదిలితే చాలు, సగం ముప్పు తప్పుతుంది.

కూనవరం దగ్గర శబరిని కలుపుకుని నది పాపికొండల మధ్యకు వస్తుంది. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నీళ్లన్నీ ఇక్కడ రెండు కొండల నడుమ ఇరుక్కుని పోవాలి. పైకి అందంగా కనిపించే ఆ ఇరుకే లోపల సుడి. 2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద తిరగబడింది. ఆ రోజు ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల దరిదాపుల్లో ఉంది. బోటులో 77 మంది ఉంటే 26 మంది బతికారు. వాళ్లలో ఎక్కువమందిని ఒడ్డుకు చేర్చింది దగ్గరి గిరిజన పల్లెవాళ్లు, తమ పడవల మీద. మునిగిన బోటును నెల దాటాక, అక్టోబరు 22న, పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. నీళ్లు తెలిసినవాళ్లు ఆ గట్టున ఉన్నారు. వాళ్ల అవసరం ప్రమాదం జరిగాక వచ్చింది. బోటు కదలకముందే వాళ్లను ఒక మాట అడగాల్సింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. బోటు నడిపినవాళ్లకు నది తెలియదా, వాళ్లూ పోయారు కదా అని. నిజమే. తెలిసినవాడికి కూడా టికెట్లు అమ్ముకున్నాక వెనక్కు తిరగడం కష్టం. అందుకే అడగాల్సింది మనల్ని ఎక్కించుకుంటే డబ్బులొచ్చే మనిషిని కాదు, మనం ఎక్కినా మానినా ఏమీ పోని మనిషిని. రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది: ఇదంతా ప్రభుత్వం చూడాల్సిన పని, యాత్రికుడి నెత్తిన పెట్టడమేమిటి? ప్రభుత్వమే చూడాలి, సందేహం లేదు. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బోటింగ్ కంట్రోల్ రూములు వచ్చాయి. వరద మట్టం చూసి బోటును ఆపే అధికారం రేవులోనే ఉండాలన్న ఆలోచన సరైనది. అయితే కంట్రోల్ రూమ్ ఉన్న రేవులు కొన్ని, లేని రేవులు వందలు. లైఫ్ జాకెట్ ఇవ్వడం నిర్వాహకుడి బాధ్యత, దాన్ని ఉక్కగా ఉందని విప్పకపోవడం మన బాధ్యత. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదు. ఇంత భయపడితే ఇల్లు కదలగలమా అనేవాళ్లూ ఉంటారు. అడిగి వెళ్లేవాడిది భయం కాదు. లంకల్లో పుట్టి పెరిగినవాడు కూడా కొత్త రేవులో ముందు గెడ వేసి లోతు చూసుకునే దిగుతాడు.

రాజమండ్రిలో ముప్పు నీళ్లలో కూడా లేదు. 2015 జూలై 14న, పుష్కరాల తొలి రోజు, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు డజన్లకు పైగా యాత్రికులు చనిపోయారు. పుష్కర స్నానం గోదావరిలో ఎక్కడ చేసినా పుష్కర స్నానమే. పక్కనే కోటిలింగాల రేవు ఉంది, కొవ్వూరు రేవులున్నాయి. దూరం నుంచి వచ్చినవాడికి తెలిసిన పేరు ఒక్కటే, అందరూ అక్కడికే వచ్చారు. దిగువన అంతర్వేదిలో వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరా అంతే. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో అక్కడి బెస్తలకు తెలుసు. పాటు వేళ నీళ్లు మనిషిని సముద్రం వైపు లాగుతాయని మెట్టప్రాంతం నుంచి వచ్చిన భక్తుడికి ఎవరు చెబుతారు?

గోదావరికి మళ్లీ 2027లో పుష్కరాలు. ప్రతి రేవులోనూ లోతు, సుడి, పోటు వేళలు ఆ ఊరి పడవవాళ్లనే అడిగి, దూరం నుంచే కనబడేలా పెద్ద అక్షరాలతో రాయించమని అధికారులను కోరుతున్నాను. మీరు బయలుదేరేటప్పుడు భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో కనుక్కోండి. రేవు చేరాక, నీళ్లలో కాలు పెట్టకముందు, అక్కడ వల బాగుచేసుకుంటున్న మనిషిని ఒక్క మాట అడగండి.