ఉప్పల్ నుంచి నాచారం దాకా.. ఒక నల్లటి గ్లాసు కోసం

ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ ఎక్కి నిలబడితే సగం తెలంగాణ కింద కనిపిస్తుంది. వరంగల్ బస్సు కోసం ఉరికేటోళ్లు, యాదగిరిగుట్టకు పోయే కుటుంబాలు, సవారీల కోసం అరిచే ఆటోవాళ్లు. నేను మాత్రం ఆ రోజు గింజల వేటలో ఉన్నా.

సంగతేంటంటే, చదువు కోసం ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు నా రూమ్మేట్ వంటింట్లోనే బీరు కాచేవాడు. అందులో ఓట్‌మీల్ స్టౌట్ అని ఒకటి. డికాషన్ అంత నలుపు, నోట్లో మాత్రం జావలా మెత్తగా జారుతుంది. మాల్టు చేసిన బార్లీతో పాటు కొంచెం ఓట్స్, బాగా మాడ్చిన బార్లీ.. ఇంతే. ఈ రకం బీరు కొన్నాళ్లు దాదాపు కనుమరుగైపోతే, 1980లో అక్కడి శామ్యూల్ స్మిత్ బ్రూవరీ మళ్లీ కాచడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక నేనూ చేద్దామని ఆన్‌లైన్‌లో ఈస్ట్ ప్యాకెట్ తెప్పించి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచా.

మొదటి దెబ్బ కిరాణా కొట్లోనే తగిలింది. ఉప్పల్‌లో కిలో బార్లీ కొని నానబెట్టా. మూడు రోజులైనా ఒక్క మొలక రాలేదు. మనకు కొట్లో దొరికేది పొట్టు చెక్కేసి, మెరుగు పెట్టిన బార్లీ. మొలకెత్తే భాగం దాదాపు అక్కడే పోతుంది. మొలక రాకపోతే మాల్టు లేదు.

జొన్నలు నానబెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "లేత జొన్న మేసి బర్రెలు సచ్చిపోతయ్, ఎరుకలేదా?" అంది. నిజమే. జొన్న మొలకలో సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది. చివరికి రాగులు తీసుకున్నా. ఒక రాత్రి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి రెండు రోజులుంచితే తెల్లటి మొలకలు వచ్చేశాయి. డాబా మీద ఎండబెట్టి, మొలకలు రాలేదాకా నలిపా. అదే రాగి మాల్టు. మనం చిన్నప్పటి నుంచి తాగుతున్నదే. నేపాల్, సిక్కింలలో ఇవే రాగులతో 'తోంబా' అనే పులియబెట్టిన పానీయం చేస్తారు.

మాల్టును రవ్వగా పట్టించాలి. నాచారంలో నాయినకు తెలిసిన గిర్ని ఉంది. మెట్రో ఎక్కా. ఉప్పల్ దాటాక స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, తర్వాత హబ్సిగూడ. 2017 నవంబర్లో ఈ లైను మొదలైనప్పుడు నాయిన, నేను కలిసి ఎక్కాం. కిటికీలోంచి స్టేడియం లైట్లు చూపిస్తే ఆయన చూపు ఇంకో పక్కకు, నాచారం వైపు ఉంది. ఆయన ఇరవై రెండేళ్లు పని చేసింది అక్కడే, పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో.

హబ్సిగూడలో దిగి షేర్ ఆటో పట్టుకుంటే పది నిమిషాలు. ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో ఉన్నది ఈ నాచారంలోనే. మా ఇంట్లో మాత్రం నాచారమంటే సినిమాలు కాదు, షిఫ్టులు. జీతం రోజు నాయిన ఇంటికి ఎప్పుడొస్తాడో, ఎలా వస్తాడో తెలిసేది కాదు. అమ్మ గేటు దగ్గరే కూర్చునేది. మా చిన్నాయన లివరు చెడిపోయి చనిపోయిన ఏడాది నుంచి నాయిన మందు ముట్టలేదు. తొమ్మిదేళ్లయింది. గిర్ని దగ్గర రవ్వ సంచి భుజాన వేసుకుంటుంటే ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఈస్ట్ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇంకో సంగతీ ఉంది. ఇంగ్లండ్‌లో 1963 నుంచి ఇంట్లో బీరు కాచుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు. అమెరికాలో 1978లో చట్టం మారింది. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే నేరం. 'నా కోసమే కదా' అన్నా కుదరదు. అది చదివాక కూడా 'ఎవరికి తెలుస్తుందిలే' అనుకున్న మాట నిజం.

ఆదివారం పొయ్యి వెలిగించా. మొలక రాని బార్లీలో వంద గ్రాములు ఇనుప మూకుట్లో కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించా. ఓట్స్ నూటయాభై గ్రాములు, సగం రాగి రవ్వ కలిపి నాలుగు లీటర్ల నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జావ అయింది. దాన్ని 65 డిగ్రీలకు చల్లార్చి మిగతా రవ్వ, మాడ్చిన బార్లీ కలిపి, దుప్పటి చుట్టి పెట్టా. వేడి ఎక్కువైతే మాల్టులోని ఎంజైములు చచ్చిపోతాయి, తక్కువైతే బద్ధకిస్తాయి. గంట తర్వాత మూత తీస్తే, గరిటె నిలబడేంత చిక్కటి జావ నీళ్లలా పలచబడింది! ఒక చుక్క ప్లేట్లో వేసి, అయోడిన్ కలిపి చూశా. నీలం రంగు రాలేదు. అంటే పిండి చక్కెరగా మారిపోయింది. (ఆ చుక్క పారబోయాలి, తాగొద్దు.)

వడకట్టి మరిగిస్తుంటే నాయిన వంటింటి గుమ్మం దగ్గరకొచ్చాడు.

"ఏం ఉడకవెడుతున్నవ్ రా?"

"మాల్టు, నాయినా."

"మాల్టుకు ఈ ప్యాకెట్ ఎందుకు?" ఆయన చేతిలో ఈస్ట్ ఉంది. పెరుగు కోసం ఫ్రిజ్ తీసినట్టున్నాడు.

చెప్పేశా. అరుస్తాడనుకున్నా. గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. "రూలు సంగతి పక్కనవెట్టు. ఇది పులిసి, ఇంట్ల అదే వాసనొస్తే.. నేను ఆగుతనో లేదో నాకు తెల్వదు బిడ్డా. నన్ను పరీక్ష వెట్టకు."

తొమ్మిదేళ్లలో ఆయన తాగుడు గురించి నాతో మాట్లాడింది అదే మొదటిసారి. మానేశాడు కాబట్టి అయిపోయిందనుకున్నా ఇన్నాళ్లు. ఆయన మాత్రం రోజూ మానేస్తూనే ఉన్నాడు. ప్యాకెట్ ఆయన ముందే చెత్తబుట్టలో వేశా.

మూడు లీటర్లు తేలింది. ఈస్ట్ వెయ్యకపోయినా ఎక్కువసేపు ఉంచలేం, గాలిలో ఉన్నదానికే పులిసిపోతుంది. నాయిన ఒక గ్లాసు తాగాడు. "తియ్యగ, శేదుగ.. మంచిగనే ఉంది" అని, మిగిలింది ఫ్లాస్కులో పొయ్యమన్నాడు.

సాయంత్రం ఇద్దరం బండి మీద నాచారం పోయాం. ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గరి చాయ్ కొట్టు దగ్గర ఆయన పాత షిఫ్ట్ దోస్తులు నలుగురు కూర్చున్నారు. ఫ్లాస్కు మూత తీయగానే ఆ నలుపు చూసి ఒకాయన కళ్లెగరేశాడు.

"తాగుండ్రి, ఎక్కదు" అన్నాడు నాయిన నవ్వుతూ. "మావోడు లండన్ల నేర్సుకున్న రాగి జావ."