99 శాతంలో మా అమ్మ

పీజీ రెండో ఏడాదిలో మాకు సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని ఒక పేపర్ ఉండేది. పేదల కష్టం తీర్చే పనిని దానధర్మంగా కాకుండా, తన కాళ్ల మీద తాను నిలబడే సంస్థగా ఎట్లా నడపాలన్నది అందులో విషయం. మొదట చెప్పింది మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి గురించి. ఉద్యోగ విరమణ చేసిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేనివాళ్లకు ఉచితం. డాక్టర్లు ఇద్దరికీ వాళ్లే. కంట్లో పెట్టే లెన్సులు బయటి దేశాల నుంచి కొనాలంటే ఖర్చు ఎక్కువని 1992లో సొంతంగా తయారీ పెట్టారు. ఆ రాత్రి హాస్టల్లో చాలాసేపు దాని గురించే చదివాను. శుక్లాలతో చూపు పోయి, గోడ పట్టుకుని నడుస్తూనే పోయిన మా నానమ్మ గుర్తొచ్చింది. ఈ పని నేర్చుకోవడానికే ఇంత దూరం వచ్చాననిపించింది.

తర్వాతి పాఠం చిన్న అప్పుల గురించి. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ప్రొఫెసర్ మహమ్మద్ యూనస్ 42 మందికి తన జేబులోంచి 27 డాలర్లు అప్పుగా ఇవ్వడం, అది 1983 నాటికి గ్రామీణ్ బ్యాంకు కావడం, 2006లో ఆయనకూ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి రావడం సార్ వరుసగా చెప్పారు. అదే పద్ధతి మన దేశానికి ఎట్లా వచ్చిందో, ఆంధ్రప్రదేశ్‌లో ఎంత వేగంగా పెరిగిందో చెప్పారు. చివరి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో ఒకటే అంకె: వసూళ్లు 99 శాతం. పేదవాళ్లు అప్పు ఎగ్గొట్టరు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి అన్నారు సార్. అందరూ రాసుకున్నారు. నా చేతులు చల్లబడ్డాయి. ఆ అంకెలో మా అమ్మ ఉంది.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి పండే ఊరు. మాకు భూమి లేదు. నాన్న ట్రాక్టర్ మీద కూలికి పోయేవాడు, అమ్మ కలుపుకూ పత్తికీ పోయేది. అమ్మ డ్వాక్రా సంఘంలో కూడా ఉండేది. కానీ బ్యాంకు లోను రావాలంటే సంఘం గ్రేడు, తీర్మానం, మేనేజర్ సంతకం, అన్నీ కలిసి నెలలు పట్టేవి. చిన్న అప్పులిచ్చే కంపెనీవాళ్లు అట్లా కాదు. ఇంటి ముందుకే వచ్చారు. ఐదుగురు ఆడవాళ్లు గ్రూపు కడితే చాలు, తాకట్టు అక్కర్లేదు, వారంలో డబ్బు చేతికి. అమ్మ మొదటి లోనుతో బర్రెను కొన్నది. పాలు పోసి ఆ లోను తీర్చింది. ఈ మాట దాచకుండా చెప్పాలి. ఆ ఏడాది మా ఇంట్లో పెరుగు ఉంది, నాకు కొత్త పుస్తకాలు వచ్చాయి. అప్పు చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. పదివేలు తీసుకుంటే 50 వారాల పాటు వారానికి 225 రూపాయలు. మొత్తం 11,250. ఏడాదికి వందకు పన్నెండున్నర రూపాయల వడ్డీ అన్నట్టు కనబడుతుంది. కానీ అసలు వారం వారం తీరిపోతూ ఉంటుంది. ఏడాది మొత్తంలో సగటున మన చేతిలో ఉన్నది ఐదువేల చిల్లరే. దాని మీద 1,250 అంటే నిజమైన వడ్డీ పాతిక శాతం. ఫీజులు, బీమా వేరే. అయినా మా ఊళ్లో షావుకారి నెలకు వందకు తీసుకునే మూడు రూపాయల వడ్డీ ఏడాదికి 36 శాతం అవుతుంది, దానికన్నా ఇది తక్కువే. మమ్మల్ని విరగ్గొట్టింది వడ్డీ రేటు కాదు. షావుకారి కాళ్లావేళ్లా పడితే ఒక నెల ఆగుతాడు. వారం ఆగదు.

2010 ఎండాకాలంలో నాన్న ట్రాక్టర్ మీది నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రికి అయిన ఖర్చుతో పాటు ఆయన కూలి కూడా ఆగిపోయింది. కిస్తీ కట్టడానికి అమ్మ రెండో కంపెనీలో లోను తీసుకుంది, దాని కిస్తీ కట్టడానికి మూడో కంపెనీలో. ముగ్గురూ ఇచ్చారు. ఆమెకు ఇంకెక్కడైనా బాకీ ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగితే లోను ఇవ్వడం కుదరదు, ఇవ్వకపోతే వాళ్ల టార్గెట్ పూర్తి కాదు. బర్రెను అమ్మేశాం. లోనుతో కొన్న బర్రె లోను కోసమే పోయింది.

మా గ్రూపులోనే ఉన్న పక్కింటి పెద్దమ్మ వాళ్లు ఒక రాత్రి తాళం వేసి మహారాష్ట్రలోని భివండీ పోయారు. ఆమె కిస్తీ కూడా మిగతా నలుగురి మీద పడింది. గ్రూపు అంటే అదే, ఒకరు కట్టకపోతే అందరూ కట్టాలి.

మీటింగు పొద్దున ఏడింటికి. అందరి చేతా ప్రతిజ్ఞ చెప్పించేవాళ్లు. డబ్బు పూర్తిగా చేతికి వచ్చేదాకా ఎవరినీ లేవనిచ్చేవాళ్లు కాదు. పత్తి చేలకు పోయే ఆటో వెళ్లిపోయేది. ఒక్కరి దగ్గర తక్కువ పడితే ఐదుగురి కూలి పోయేది. కంపెనీ మనిషి గట్టిగా అరవాల్సిన పని ఉండేది కాదు. ఆయన చాప మీద కూర్చుని రిజిస్టర్ తెరిచి ఉంచేవాడు, అంతే. అరిచింది మావాళ్లే. నాకు అత్త వరుసయ్యే మనిషి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, మా వాకిట్లో నిలబడి అమ్మతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "నీ మొగని కాలిరిగితే మేమేం జెయ్యాలె? మా కూలి పోతాంది, మా పిల్లలేం తినాలె?" ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నిజంగానే ఆమె కూలి పోయింది. ఆ రోజు గ్రూపువాళ్లే లోపలికొచ్చి ఇత్తడి బిందె, రెండు గుండిగలు తీసుకుపోయి అమ్మి కిస్తీ పూర్తి చేశారు. రిజిస్టర్‌లో ఆ వారం కూడా వసూలు నూటికి నూరు అని రాసి ఉంటారు.

కంపెనీ మనిషి గురించి కూడా చెప్పాలి. పక్క మండలం నుంచి వచ్చే పాతికేళ్ల అబ్బాయి. మోటార్ సైకిల్ కూడా అప్పు మీద కొన్నదే. ఒకసారి అందరూ పోయాక అమ్మతో మెల్లగా అన్నాడు, "అక్కా, మీది తక్కువ పడితే నా జీతంల కోస్తరు." తర్వాత ఆయన స్థానంలో వచ్చినవాడు అట్లా మెల్లగా మాట్లాడేవాడు కాదు. చీకటి పడేదాకా మా గడప ముందు కూర్చునేవాడు. అమ్మ ఇంట్లోనే ఉండి, లేదని నాతో చెప్పించేది. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ పత్తి కాలమంతా బడి మానేసి అమ్మతో ఏరడానికి పోయాను.

ఆ రోజుల్లో పేపర్లో వరుసగా వార్తలు వచ్చేవి, ఫలానా ఊళ్లో కిస్తీ కట్టలేక ఒకామె చనిపోయిందని. మా ఇంట్లో వాటిని ఎవరూ పైకి చదివేవాళ్లు కాదు. పత్తికి కొట్టే మందు డబ్బా అటక మీద ఉండేది. కళ్లు కనబడని మా నానమ్మ ఒక మధ్యాహ్నం తడుముకుంటూ దాన్ని దించి ఎక్కడో పారేసింది. ఎక్కడో చెప్పలేదు. ఆ రాత్రి నుంచి గడపకు అడ్డంగా పడుకునేది. అమ్మ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. దాని గురించి మేము ఈనాటికీ మాట్లాడుకోలేదు.

2010 అక్టోబర్ 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టర్ కావాలి, ఇళ్ల మీదికి పోకూడదు, పంచాయతీ ఆఫీసులాంటి నలుగురూ తిరిగే చోటే వసూలు చేయాలి, వారం కిస్తీ కాదు నెల కిస్తీ, వడ్డీ అసలును మించకూడదు. మోటార్ సైకిళ్లు రావడం ఆగిపోయింది. అమ్మ ఎన్నో నెలల తర్వాత పగటిపూట వాకిట్లో కూర్చుంది. కానీ మరుసటి ఏడు నాన్న కాలికి మళ్లీ ఆపరేషన్ అవసరమైతే అప్పిచ్చేవాడు లేడు. షావుకారి దగ్గర మూడు రూపాయల వడ్డీ ఐదయింది. మా ఊళ్లో చాలామందికి రెండు దెబ్బలు తగిలాయి, డబ్బు వచ్చిన తీరు వల్ల ఒకటి, అది ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల ఇంకొకటి. కంపెనీల బాకీ అట్లాగే నిలిచిపోయింది. గ్రూపువాళ్లు తన బదులు కట్టిన డబ్బును మాత్రం అమ్మ పత్తి ఏరి, మిరప కోసి, కొంచెం కొంచెంగా అందరికీ తీర్చింది. అమ్మకు అది అప్పు. అత్తతో మాట మాత్రం మునుపటిలా కలవలేదు.

క్లాసులో ఆ రోజు నేను నోరు విప్పలేదు. అసైన్‌మెంట్‌కు ఇదే విషయం తీసుకుంటానని తర్వాత సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని, ఇంటి విషయం రాయడం ఇష్టం లేకపోతే రాయొద్దు, కానీ ఆ 99 ఎట్లా వచ్చిందో నువ్వే రాయాలి అన్నారు. రాయడం కష్టమైంది. ఫోన్లో అమ్మను అడిగినప్పుడల్లా "గవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా" అనేది. కొంతసేపటికి తనే మళ్లీ ఫోన్ చేసి ఏ కంపెనీకి ఏ వారం ఎంత కట్టిందో నోటి లెక్కగా చెప్పేది. ఒక్క అంకె కూడా మర్చిపోలేదు.

చదివినకొద్దీ మా పాఠంలో లేనివి బయటపడ్డాయి. యూనస్‌కు నోబెల్ వచ్చిన 2006లోనే, మార్చిలో, కృష్ణా జిల్లాలో ఇవే ఫిర్యాదుల మీద అధికారులు దాదాపు 50 సూక్ష్మరుణ శాఖలు మూయించారు. అంటే హెచ్చరిక నాలుగేళ్ల ముందే వచ్చింది. 1998లో పెద్ద వరదలొచ్చి బంగ్లాదేశ్‌లో జనం కిస్తీలు కట్టలేకపోతే, గ్రామీణ్ బ్యాంకు ఆ తర్వాత తన నియమాలే మార్చుకుంది. కష్టమొచ్చినవాళ్లు కిస్తీ తగ్గించుకుని గడువు పెంచుకునే వీలు కల్పించింది. మా దాకా వచ్చిన పద్ధతిలో ఆ మార్పు లేదు. వారం కిస్తీ, ఐదుగురి పూచీ మాత్రం వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. గ్రామీణ్ బ్యాంకు వాటాల్లో అత్యధిక భాగం అప్పు తీసుకునే ఆడవాళ్ల పేరు మీదే ఉండేది. మన దగ్గర స్వచ్ఛంద సంస్థలుగా మొదలైనవి ఫైనాన్స్ కంపెనీలై, పెట్టుబడిదారుల డబ్బుతో పెరిగాయి. దేశంలోకెల్లా పెద్దది 2010 జులై చివర్లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. మా ఊరికి వచ్చింది అది కాదు. కానీ రెండున్నర నెలలకే ఆర్డినెన్స్ వచ్చిందంటే, షేరు కొన్నవాళ్లూ కిస్తీ కట్టేవాళ్లూ ఎంత వేరు వేరు లోకాల్లో ఉన్నారో అర్థమవుతుంది. మా అమ్మకు ఆ లెక్కల్లో కట్టే చెయ్యి ఉంది, అడిగే నోరు లేదు. సంస్థ మంచిదా చెడ్డదా అని చూసేటప్పుడు నేను ఇప్పుడు మొదట వెతికేది ఆ నోరు ఎక్కడుందనే.

ఫీల్డ్ వర్క్‌కు ములుకనూరు వెళ్లాం. మా ఊరికి ఎంతో దూరం కాదు, కానీ అప్పటిదాకా నేను చూడలేదు. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి అక్కడ సహకార సంఘం పెట్టారు. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, 2000లో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి సొంతంగా పాల డెయిరీ పెట్టుకున్నారు. పాలు పోసేది వాళ్లే, యజమానులూ వాళ్లే, పాలకవర్గంలో కూర్చునేదీ వాళ్లే. ఊరి కేంద్రంలో మా అమ్మ వయసు మనిషి ఒకామె డబ్బా ముందు నిలబడి, వెన్న శాతం తక్కువ వచ్చిందని మళ్లీ చూడమంది. మళ్లీ చూశారు. నేను బస్సెక్కేదాకా ఆమెనే చూస్తూ ఉన్నాను. అక్కడా కష్టాలుంటాయి, ధరల గొడవలుంటాయి. కానీ మళ్లీ చూడమనడానికి ఆమె ఎవరినీ బతిమాలలేదు.

2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పిచ్చింది. అంతకుముందే, ఈ కంపెనీల తీరు చూడటానికి రిజర్వ్ బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చాక, బ్యాంకు నియమాలు చాలా మారాయి. ఒకరికి ఎన్ని అప్పులున్నాయో ఇప్పుడు కంప్యూటర్‌లో కనబడుతుంది. మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక కంపెనీ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా వీధికొచ్చింది. మర్యాదగా మాట్లాడింది, మంచినీళ్లు అడిగి తాగింది. గ్రూపు కడతారా అమ్మా అని అడిగింది. అమ్మ పీట వేసి కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడిగింది. "వారమా, నెలనా? ఒకామె కట్టకుంటె మిగిలినోళ్లు కట్టాల్నా? ఇంట్ల రోగమొస్తె ఎన్ని కిస్తీలు ఆపుతరు? ఆపుతమని కాయితం మీద రాసిస్తరా?"

ఆ అమ్మాయి మొదటి రెండిటికి జవాబు చెప్పింది. మిగతావి ఆఫీసులో అడిగి చెబుతానంది. అమ్మ సరేనంది, అడిగినాంకనే రమ్మంది.