రైలు కూత

సికింద్రాబాదు నుంచి బొల్లారం పోయే రైలుదారిలో మల్కాజ్‌గిరి ఉన్నది. అక్కడ పట్టాల పక్కనే మా చెల్లెలి ఇల్లు. రైలు కూసినప్పుడల్లా వాళ్ల కుక్క మంచం కింద దూరేది. ఒకనాడు దాన్ని బయటికి లాగబోయిన మనవణ్ణి కరిచింది. గాయం సబ్బుతో కడిగి, వెంటనే టీకాలు వేయించారు. కుక్కను ఎక్కడైనా వదిలేద్దామన్నది చెల్లెలు.

ఇంతలో పెంపుడు జంతువుల నడత తెలిసిన ఒకామె వచ్చి, "ఇది పొగరు కాదమ్మా, భయం," అన్నది. ఆమె కర్ర పట్టలేదు. రికార్డు చేసిన కూతను వినీవినిపించనంత మెల్లగా వినిపించి, వెంటనే మాంసం ముక్క పెట్టింది. కుక్క బెదరకుంటేనే మరునాడు చప్పుడు కాస్త పెంచేది. తిండికి ముందు రోజూ వినే చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని రష్యాలో పావ్లోవ్ ఏనాడో చూపాడు గదా!

మొన్న నేనున్నప్పుడే రైలు కూసింది. కుక్క మంచం వైపు చూసి, తరువాత మనవడి చేతి వైపు చూసింది.