మరీచి పక్కన సుడి

సప్తర్షి మండలం తోక చివర మరీచి. దానికి కాస్త పక్కన, మన కంటికి ఏమీ లేనట్టుండే చోట, ఎం51 అనే గెలాక్సీ ఉంది. 1773లో షార్ల్ మెస్సియే దాన్ని చూశాడు. ఆయన వెతికేది తోకచుక్కల్ని. మసక మచ్చలు మోసం చేస్తున్నాయని వాటికో జాబితా రాసుకున్నాడు. ఇవాళ ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆ జాబితా వల్లే!

1845లో ఐర్లండ్‌లోని బర్ కోటలో లార్డ్ రాస్ ఆరడుగుల లోహపు అద్దంతో చూసి, అందులో సుడి తిరిగిన చేతుల్ని పసిగట్టాడు. కంటితో చూసి చేత్తో గీసిన ఆ బొమ్మను హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటో పక్కన పెడితే ఆశ్చర్యమేస్తుంది. అలాంటి సుడులు మన పాలపుంత బయటి నక్షత్రలోకాలని తేలడానికి 1920ల దాకా ఆగాల్సొచ్చింది.

నన్ను వదలనివి ఆ చేతులే. కవ్వం కింద మజ్జిగలా అంతా కలిసి తిరుగుతోందనిపిస్తుంది. కానీ చేయంటే చాలావరకు ఒక రద్దీ. నక్షత్రాలు, వాయువు అందులోకి వస్తుంటాయి, దాటిపోతుంటాయి. రద్దీలో నలిగిన వాయువు నుంచి కొత్త నక్షత్రాలు పుడతాయి. ఫొటోల్లోని గులాబీ మచ్చలు వాటి అతినీలలోహిత కాంతికి వెలిగే హైడ్రోజనే. పక్కనున్న చిన్న గెలాక్సీ గురుత్వాకర్షణ కూడా ఈ సుడికి పదును పెట్టింది.

1994, 2005, 2011లలో ఎం51లో మూడు నక్షత్రాల పేలుళ్లు కనిపించాయి. ఆ వెలుగు బయల్దేరి కోట్ల ఏళ్లయిందనుకోండి. మన పాలపుంతలో మాత్రం 1604లో కెప్లర్ చూసినదాని తర్వాత కంటికి స్పష్టంగా కనిపించిన పేలుడే లేదు. నాకు కాస్త అసూయగానే ఉంది.