చౌకే... కానీ క్యూ కట్టాలి!

మంచు మీద జారాలని ఉన్నా ఆల్ప్స్‌ ఖర్చు తలచుకుని జంకే ఐరోపావాసులు బల్గేరియాలోని బాన్‌స్కో బాట పడుతుంటారు. పిరిన్‌ పర్వతాల ఒడిలోని ఈ చిన్న ఊళ్లో గది అద్దె, స్కీ పాఠాలు, తిండి... అన్నీ చవకే. ఇక్కడి 'మెహనా'ల్లో పొయ్యి పక్కన కూర్చుని, పుల్లటి క్యాబేజీతో మాంసాన్ని మట్టికుండలో గంటలకొద్దీ మగ్గబెట్టిన 'కపమా' తిన్నవాళ్లు మళ్లీ వస్తామనే అంటారు.

చిక్కంతా పొద్దుటిపూటే. ఊరున్నది 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో. అసలైన మంచువాలులు 1,600 మీటర్లు దాటాకే. అక్కడికి తీసుకెళ్లే గొండోలా దగ్గర సెలవుల్లో గంటకు పైగా నిలబడాల్సి వస్తుంది. ఏడాదంతా కూడబెట్టి వారం రోజులకొచ్చిన కుటుంబానికి రోజుకో గంట పోతే కడుపుమండదూ! 'అన్ని హోటళ్లు కట్టినవాళ్లు దారి మరిచారా' అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. కానీ కొండంతా తవ్వేయడానికీ లేదు. పిరిన్‌ జాతీయ పార్కు 1983లోనే యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. స్కీ సౌకర్యాల విస్తరణకు వీలిచ్చే మార్పులను వ్యతిరేకిస్తూ 2018లో రాజధాని సోఫియాలో జనం వీధుల్లోకొచ్చారు.

అందుకే అనుభవజ్ఞులు రద్దీ సెలవుల జోలికి పోరు. గొండోలా కదలకముందే వరుసలో ఉంటారు. బాన్‌స్కోలో డబ్బు మిగలాలంటే పొద్దుటి నిద్ర వదులుకోవాల్సిందే మరి!