గుర్రానికుంది, మనిషికి లేదు

మా టీమ్‌లో ఒకావిడకి డాలస్ శివార్లలో రెండు గుర్రాలున్నాయి. ఏటా వాటికి వెస్ట్ నైల్ టీకా వేయిస్తుంది. 2012లో ఈ ఊరి మీద విమానాలతో దోమలమందు చల్లించిన వైరస్ అది. “మరి మీకు?” అని అడిగితే, “మనుషులకి లేదుగా” అంది, అదేదో మామూలు సంగతైనట్టు.

నాకు మామూలుగా అనిపించలేదు. ప్రతి వేసవికీ మా అమ్మానాన్నా గుంటూరు నుంచి వస్తారు. నాన్నకి డెబ్భై దాటాయి. సాయంత్రాలు పెరట్లో కూర్చోవాల్సిందే. దోమల స్ప్రే వాసన పడదంటారు. ఈ వైరస్ సోకినవాళ్ళలో నూటికి ఎనభైమందికి ఏ లక్షణాలూ ఉండవు. సుమారు నూటయాభైమందిలో ఒకరికి మాత్రం మెదడుకో, నరాలకో ఎక్కుతుంది. ఆ ఒక్కరూ ముసలివాళ్ళయ్యే అవకాశమే ఎక్కువ.

1999లో న్యూయార్క్‌లో కాకులు రాలిపోతున్నప్పుడు అమెరికా ఈ వైరస్‌ని మొదటిసారి చూసింది. 2001కల్లా గుర్రాల టీకాకి తాత్కాలిక అనుమతి వచ్చేసింది. అంతరించిపోతున్న కాలిఫోర్నియా కాండర్లకి కూడా 2003లో టీకాలు వేశారు. మనిషికి మాత్రం ఇప్పటికీ లేదు.

చేతకాక కాదు. మనుషుల కోసం చేసిన టీకాలు మొదటి, రెండో దశ పరీక్షలు దాటాయి. చిక్కంతా మూడోదానితోనే. వేలమందికి వేసి, వైరస్ కోసం ఎదురుచూడాలి. అదేమో 2012లో డాలస్‌లో, 2021లో అరిజోనాలో విరుచుకుపడింది. ఈసారి ఎక్కడో ఎవరికి తెలుసు? రీప్రొడ్యూస్ కాని బగ్‌తో కుస్తీపట్టిన ఎవరికైనా ఈ బాధ అర్థమవుతుంది. గుర్రానికైతే టీకా వేసి, కావాలనే వైరస్ ఎక్కించి చూడొచ్చు. మనిషికి అలా చెయ్యం. చెయ్యకూడదు కూడా.

పోనీ గుర్రాల టీకా మనల్ని కాపాడుతుందా అంటే, అదీ లేదు. వైరస్ తిరిగేది పక్షులకీ దోమలకీ మధ్య. గుర్రం నుంచీ మనిషి నుంచీ అది ముందుకి పోదు. ఆవిడ గుర్రాల టీకా ఆ గుర్రాలకే.

రక్తంలో తయారైన యాంటీబాడీలని కొలిచి అనుమతివ్వడం ఇంకో దారి. 2023లో అమెరికాలో చికున్‌గున్యా టీకా ఈ దారినే వచ్చింది. తీవ్రమైన దుష్ప్రభావాలు కనబడటంతో 2025లో ఆ లైసెన్సుని నిలిపేశారు. భయపడ్డ పెద్దలది తప్పనలేను. కానీ టీకా లేకుండా వదిలెయ్యడం కూడా ఒక నిర్ణయమే. దాని ఖర్చు ఏ ట్రయల్ రిపోర్టులోనూ కనబడదు. మొదట ఒప్పుకోవాల్సింది ఆ ఖర్చునే అనిపిస్తుంది నాకు.