మా మరువపు కుండీ

మొక్క యెండిపోయినచో నీరు పోయలేదని యింటి ఇల్లాలిని నలుగురును నిందింతురు. నీరు పోసి పోసి మొక్కను చంపినవారిని నిందించువారు లేరు. సోదరీమణులారా! మేమట్టి నేరము చేసినవారము.

మేమనగా తోడికోడండ్రమిరువురము. పెరటిలో నెన్ని మొక్కలున్నను మా యత్తగారికి మరువపు కుండీపైననే మమకారము మెండు. అది యామె పుట్టినింటినుండి తెచ్చుకొన్న రెమ్మ. దానిని త్రుంచి యిచ్చిన తల్లియు, ఆ తల్లిమొక్కయు నప్పటికే లేవు. మా యింట కదంబము కట్టవలెనన్నను, చీరల పెట్టెలో నెండురెమ్మ వేయవలెనన్నను ఆ కుండీయే దిక్కు.

ఒక యేడు శ్రావణమాసమున ఆమె కూతురి పురుటికై ప్రయాణమగుచు, “అమ్మాయిలూ, కుండీ జాగ్రత్త సుమా!” అని చెప్పి వెళ్లిరి. మాలో పెద్దది ఉదయమున తులసికి నీరు పోయుచు మరువమునకు నొక చెంబు పోసెడిది. చిన్నది సాయంకాలమున మల్లెలకు పోయుచు దీనికిని పోసెడిది. ఒకరు పోయుట యొకరికి తెలియదు. అత్తగారి మెప్పు తనకే దక్కవలెనని యిరువురకును లోలోపల నాశ. దానికి తోడు వానలు. నెల తిరుగకుండనే ఆకులు పసుపుబారి, కొమ్మలు తలలు వాల్చినవి. దాహమేమోయని మరి రెండు చెంబులు పోసితిమి!

అత్తగారు తిరిగివచ్చి తిన్నగా కుండీ యొద్దకే పోయిరి. మాకు నోట మాట రాలేదు. ఆమె మమ్మేమియు ననక, మొక్కను పెకలించి వేళ్లు చూపిరి. అవి నల్లగా కుళ్లి, తాకినంతనే జారిపోవుచున్నవి. “దీనికి దాహము కాదమ్మా, ఊపిరాడలేదు” అనిరి.

వెదుకగా పచ్చని కొనలు రెండు దొరకినవి. ఆమె వానిని 4 అంగుళముల పొడవున కణుపు క్రింద కోసి, అడుగు ఆకులు తీసివేసి, చెరియొకటి మా చేతికిచ్చిరి. అడుగున రంధ్రమున్న కుండీలో పెంకులు పరచి, ఇసుకయు మట్టియు సమపాళ్లలో కలిపి, ఆ రెండు రెమ్మలను నొక్కచోటనే నాటించిరి. వేళ్లు పట్టువరకు మూడు నాలుగు వారములు నీడనుంచి, పిమ్మట ఉదయపుటెండలోనికి మార్చితిమి.

తులసి, పుదీన, మరువము, లావెండరు ఒకే కుటుంబపు మొక్కలు. అయినను తోబుట్టువులందరి యాకలి యొక్కటి కాదు గదా! మరువము సైప్రస్ దీవిలోను, దక్షిణ టర్కీలోను పుట్టినది. లావెండరు మధ్యధరా సముద్రపు ప్రాంతమున రాతికొండలపై పెరుగునది. ఆ సీమలలో వేసవి పొడిగా నుండును. నేలలో నీరు నిలువదు. కావున తులసికి వలె వీనికి నిత్యము చెంబెడు నీరు పనికిరాదు. మట్టిలో వ్రేలు అంగుళము లోతు పెట్టి చూచి, పొడిగా నున్నప్పుడే మొదట పోయవలెను. వానకాలమున కుండీని చూరు క్రిందికి చేర్చవలెను. నడివేసవిలో మధ్యాహ్నపు టెండ తగులనీయరాదు. కొనలు తరచుగా త్రుంచినచో గుబురుగా పెరుగును. కాని యొక్కసారి మూడవవంతుకు మించి కోయరాదు. మ్రానుగట్టిన మొక్కనుండి రెమ్మలు తీసి క్రొత్తవి నాటుకొనుట మేలు. మొక్కల యంగడిలో లావెండరు కొని తెచ్చుకొను సోదరీమణులును నీటి విషయమున నిట్లే మెలగవలెను. మన కోస్తా ఉక్కకు అది మరువముకంటె త్వరగా డస్సిపోవును.

మేము నాటిన రెండు రెమ్మలలో నొకటియే బ్రదికినది. అది యెవరి చేతిదో మాకు తెలియదు. అత్తగారిని మేమడుగలేదు, ఆమెయు చెప్పలేదు. నాటినుండి కుండీకి నీరు పోయుటకు ముందు, “నీవు పోసితివా?” యని యొకరినొకర మడుగుకొనుట మాకలవాటైనది. కుండీ విషయమున మొదలైన యా ప్రశ్న, తరువాత పిల్లల పాలకును, మామగారి మందుకును గూడ వచ్చినది.

అత్తగారిప్పుడు లేరు. మొన్న మా యమ్మాయి అత్తవారింటికి పోవునపుడు ఆ మరువపు రెమ్మ నొకదానిని చిన్న కుండీలో నాటి యిచ్చితిమి. “జాగ్రత్త సుమా!” యని మాత్రము చెప్పి యూరకుండలేదు, వ్రేలు పెట్టి చూచుట నేర్పి పంపితిమి.